కిల్లర్ వేల్: తల్లి నేర్పిన యాస

మన భవాని పేట్‌లో సముద్రం ఊసెత్తితే నవ్వు వస్తుంది. షోలాపూర్ వాళ్లకు నీళ్లంటే కుళాయి వచ్చే రోజు గుర్తుకొస్తుంది గాని సముద్రం కాదు. అయినా ఈ పూట మీకొక సముద్రజంతువు కథ చెబుతాను.

దాని పేరు కిల్లర్ వేల్. నలుపు తెలుపు ఒళ్లు. మగదానికి వీపు మీద ఆరడుగుల రెక్క. పేరులో వేల్ అని ఉన్నా ఇది డాల్ఫిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. పెద్ద పెద్ద తిమింగలాలను మందగా చుట్టుముట్టి చంపడం చూసి నావికులు ఆ పేరు పెట్టారు. మన పూర్వులేమో ‘తిమి’ అనే మహామత్స్యాన్ని మింగేది తిమింగిలం అన్నారు. ఆ మాట దీనికే ఎక్కువ తగుతుందని నాకు తోస్తుంది.

మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ దీన్ని కోరలున్న మాంసపు కొండలా వర్ణించాడు. ఆ భయం ఇరవయ్యో శతాబ్దం దాకా పోలేదు. సాల్మన్ చేపలను తినేస్తున్నాయని 1961లో కెనడా పడమటి తీరాన వీటి కోసం ప్రభుత్వం మెషిన్ గన్ బిగించింది. అదృష్టం, పేల్చలేదు.

1964లో వాంకూవర్ అక్వేరియం వారికి దీని నిలువెత్తు బొమ్మ కావలసివచ్చింది. కొలతల కోసం ఒకదాన్ని చంపి తెమ్మని శామ్యూల్ బురిచ్ అనే శిల్పిని సాటర్నా దీవికి పంపారు. జూలై 16న ఈటె తగిలింది, ప్రాణం పోలేదు. తోటివి రెండు దాన్ని కిందినుంచి ఎత్తిపట్టి ఊపిరి అందేలా చేశాయి. చివరికి ఆ ఈటె తాడుతోనే దాన్ని వాంకూవర్‌కు తోలుకొచ్చారు. ఆడదనుకొని మోబీ డాల్ అని పేరు పెట్టారు. మగదని చచ్చాక తెలిసింది! దాదాపు రెండు నెలలు తిండి ముట్టలేదు. ఆ తర్వాత మనిషి చేతిలోని చేపను మెల్లగా అందుకుంది. అక్టోబర్ 9న చనిపోయింది.

జనానికి భయం పోయింది. వాటికి అసలు కష్టం అప్పుడే మొదలైంది. ప్రదర్శనశాలలన్నీ మాకొకటి, మాకొకటి అన్నాయి. మోసుకుపోవడం సులువని పిల్లలనే పట్టారు. 1970 ఆగస్టులో అమెరికాలోని పెన్ కోవ్‌లో వలలు వేసి ఏడు పిల్లలను తీసుకుపోయారు. వలలో చిక్కి కొన్ని చచ్చిపోయాయి. మిగతావి అరుస్తూ ఆ చుట్టుపక్కలే తిరిగాయని చూసినవాళ్లు చెప్పారు. అప్పుడు పట్టిన లోలిటా మయామీలోని తొట్టిలో 2023 దాకా బతికింది.

తాము ఏం తెంపుతున్నారో వాళ్లకు తెలియదు. 1971 నుంచి మైకేల్ బిగ్ అనే శాస్త్రజ్ఞుడు వీపు మీది మచ్చలు, రెక్కల గాట్లు ఫోటోలు తీయించి ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టాడు. వేలల్లో ఉంటాయనుకున్నవి వందల్లోనే తేలాయి. సాల్మన్ తినే ఈ మందల్లో కొడుకైనా కూతురైనా బతికినంతకాలం తల్లి వెంటే. ఆడదానికి నలభై ఏళ్ల ప్రాంతంలో కాన్పులు ఆగుతాయి, ఆ తర్వాత కూడా దశాబ్దాలు బతకగలదు. చేపలు కరువైన ఏట ముందు నడిచేది ఆ ముసలమ్మలే.

మందకొక యాస ఉందని జాన్ ఫోర్డ్ అనే పరిశోధకుడు నిరూపించాడు. పిల్లలు దాన్ని తల్లి దగ్గర, ఇంటివాళ్ల దగ్గర విని నేర్చుకుంటాయి. ఇది చదివినప్పుడు నాకు మన వీధే గుర్తొచ్చింది. బజారులో మరాఠీ, మగ్గం దగ్గర తెలుగు. రెండు ముక్కలు మాట్లాడితే చాలు, “మీ పెద్దలది పాలమూరా, కరీంనగరా?” అని అడిగే నాయనమ్మలు మనకూ ఉన్నారు.

వాషింగ్టన్ రాష్ట్రంలో 1976తో పట్టడం ఆగింది. మోబీ డాల్ తిరిగిన ప్రాంతంలోని జె, కె, ఎల్ అనే మూడు మందలూ కలిపి ఈనాటికీ ఎనభైకి లోపే. 1964లో రికార్డు చేసిన మోబీ డాల్ అరుపులను ఏళ్ల తర్వాత ఆ మందల యాసలతో పోల్చి చూశారు. అది జె మంద బిడ్డ.