తల్లిని చూచి నేర్చిన పాఠము

ఆడబిడ్డకు స్వాతంత్ర్యము నేర్పవలయునని సభలలో చెప్పువారు మనలో పెక్కుమంది కలరు. ఆ మాట తమ యింటి గడప దాటి లోనికి వచ్చుట అరుదు. ఉయ్యూరునకు చేరువనున్న ముదునూరులో ఒక కుటుంబము వేఱుగా నడచినది.

గోరా యని పేరొందిన గోపరాజు రామచంద్రరావుగారితో 1922లో వివాహమైనపుడు సరస్వతిగారికి పదియేండ్లు. ఇష్టానిష్టములు తెలుపదగిన వయస్సు కాదు. ఆమెయే పెరిగి పెద్దదై, గర్భిణులు చూడరాదన్న గ్రహణమును గర్భిణిగా నుండియే చూచెను. 1940లో ఆ దంపతులు ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించి, కులభేదము పాటింపక సహపంక్తి భోజనములు నడపిరి. క్విట్టిండియా ఉద్యమమున ఆమె చెరసాలకును వెళ్లెను.

పెద్దకుమార్తె మనోరమ ఇట్టి యింట పెరిగెను. అస్పృశ్యులని సంఘము వెలివేసిన కులమున పుట్టిన అర్జునరావును పెండ్లాడుటకు ఆమె సమ్మతించెను. ఆ పెండ్లి తానే జరిపింతునని, దేవునికి మాఱుగా సత్యము పేర ప్రమాణము చేయింతునని గాంధీ మహాత్ముడు అంగీకరించెను. 1948 జనవరి 30న ఆయన హతుడయ్యెను. అయినను మార్చి 13న సేవాగ్రామముననే వివాహము జరిగెను.

తండ్రి తన సిద్ధాంతమునకు కూతురిని ఒడ్డెనని యనువా రుండవచ్చును. అది తోసివేయదగిన శంక కాదు. కాని తల్లి నడవడి ఆ బిడ్డ కన్నులయెదుటనే యుండెను. తల్లికి లేకపోయిన సమ్మతి యిరువదియాఱేండ్లకు కూతురికి దక్కెను.

మన బిడ్డకు మనమేమి బోధించుచున్నామని కాదు, మన యింట ఆమె యేమి చూచుచున్నదని ప్రశ్నించుకొందము.