రెండు డాలర్లే కదా!

శుక్రవారం రాత్రి తొమ్మిది. డాలస్ శివార్లలో ఒక దుకాణాల వరస. ఇటు మూసేసిన జిమ్, అటు టాకోల కొట్టు, మధ్యలో అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించిన కార్డ్ క్లబ్. తలుపు తోయగానే చిప్స్ చప్పుడు చెవిన పడుతుంది. ఊరికే కూర్చోలేక ఒక్కొక్కరూ తమ ముందున్న బిళ్లలను వేళ్లతో కలుపుతూ, విడదీస్తూ, మళ్లీ కలుపుతూ ఉన్నారు. కౌంటర్లో అమ్మాయి మీ డ్రైవింగ్ లైసెన్స్ చూసి, సభ్యత్వం సరిచూసి, పేరును జాబితాలో ఎక్కించింది. గోడమీది తెరలో ‘1–2 నో లిమిట్’ కింద మీకన్నా ముందు నలుగురున్నారు.

ఇక్కడ గంటకు పదమూడు డాలర్లు కుర్చీ అద్దె. లాస్ వేగాస్‌లో అయితే కాసినో ప్రతి పాట్ నుంచీ తన వాటా తీసుకుంటుంది. టెక్సాస్‌లో అది కుదరదు. ఆడేది ప్రైవేటు స్థలమై ఉండాలి, గెలిచినవాడికి తప్ప ఇంకెవరికీ ఆ ఆట మీద లాభం రాకూడదు, గెలుపోటముల అవకాశం అందరికీ సమానంగా ఉండాలి. చట్టంలోని ఈ షరతుల మధ్య క్లబ్బులవాళ్లు సభ్యత్వం, గంటల అద్దె అనే దారి వెతుక్కున్నారు. అది దారేనా, దొడ్డిదారా అని డాలస్ నగర పాలకులు కోర్టు దాకా వెళ్లారు. తమాషా ఏమిటంటే, ఇక్కడ ఆడే టెక్సాస్ హోల్డెమ్ పోకర్‌కు రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊరు పుట్టినిల్లని రాష్ట్ర శాసనసభే 2007లో తీర్మానం చేసింది. పుట్టింట్లోనే ఆటకు ఇన్ని తిప్పలు.

మీ పేరు పిలిచారు. రెండొందల డాలర్లు ఇచ్చి ముప్పయ్యైదు ఎర్ర చిప్స్, పాతిక తెల్ల చిప్స్ తీసుకున్నారు. ఎర్రది అయిదు, తెల్లది ఒకటి. టేబుల్ దగ్గర రెండు కుర్చీలు ఖాళీ: అయిదో నంబరు, ఏడో నంబరు. కూర్చోబోయే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆరో సీటులో హుడీ వేసుకున్న కుర్రాడు రెండు ఆటలకోసారి రెయిజ్ చేస్తున్నాడు. ఆట ఎడమవైపుగా తిరుగుతుంది కాబట్టి ఏడులో కూర్చుంటే వాడు ఏం చేశాడో చూశాక మీ వంతు వస్తుంది. అయిదులో కూర్చుంటే వాడి దెబ్బ మీ వెనక నుంచి పడుతుంది. ఏడులోనే కూర్చోండి. ఈ రాత్రి మీరు తీసుకునే నిర్ణయాల్లో బాగా ఖరీదైనది ఇదే కావచ్చు, దీనికి పైసా ఖర్చు లేదు.

మూడో సీటులో బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న పెద్దాయన, ముందు కాఫీ కప్పు. ఎనిమిదో సీటులో, మీ ఎడమ భుజం పక్కన, మన భీమవరం అన్నయ్య.

“రండి రండి, మీకోసమే చూస్తన్నానండీ!”

డీలర్ అప్పటికే ముక్కలు పంచేసింది. “ఇంగ్లీష్ ఓన్లీ, ప్లీజ్,” అంది నవ్వుతూనే. ఆట నడుస్తుండగా టేబుల్ దగ్గర మిగతావాళ్లకు తెలియని భాష మాట్లాడకూడదు. ఇద్దరు కూడబలుక్కుంటారని భయం. అన్నయ్య నోరు మూసుకున్నాడు గానీ, కనుబొమలతో మాత్రం తెలుగులోనే పలకరించాడు.

మొదటి ముక్కలు: రాజు, ఏడు. ఫోల్డ్. తర్వాత జాకీ, నాలుగు. ఫోల్డ్. రాణి, తొమ్మిది, రంగులు వేరు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అదీ ఫోల్డ్. గంటకు ముప్పై ఆటలు నడుస్తాయి. తొమ్మిది మంది ఉన్న టేబుల్లో బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే పెట్టి తీరాల్సిన చిప్స్, మీ దగ్గరికి మూడు సార్లకు పైగానే వస్తాయి, వచ్చినప్పుడల్లా మూడు డాలర్లు. కుర్చీ అద్దె కూడా కలిపితే, చేతులు కట్టుకుని కూర్చున్నా గంటకు ఇరవై మూడు డాలర్ల చేతి చమురు వదులుతుంది. ఈ లెక్క తెలిసినవాడికి లోపల తొందర పుడుతుంది. అద్దె కట్టాం కదా, ఆడాలి కదా అనిపిస్తుంది.

“ఏవండోయ్, అలా చూస్తా కూర్చుంటే ఎలాగండీ?” ఆట అయిపోగానే అన్నయ్య అందుకున్నాడు. “రెండు డాలర్లే కదా!”

విడ్డూరమంతా ఇక్కడే ఉంది. ఇదే అన్నయ్యను సంక్రాంతికి పదమూడు ముక్కల రమ్మీలో కూర్చోబెట్టి చూడండి. సీక్వెన్సు కనబడక, జోకరు పడకపోతే ముక్కలు పూర్తిగా సర్దుకోకుండానే “డ్రాప్” అంటాడు. ఇరవై పాయింట్లు పోతే పోయాయి, ఎనభై తప్పాయన్న లెక్క ఆయనకు నిద్రలో కూడా తప్పదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఆట అన్నదీ అందుకే: ఏ ముక్క పట్టుకోవాలి, ఏది వదలాలి అన్న తెలివి అందులో ఉందని. అంత తెలివీ ఉన్న మనిషి ఇక్కడికొచ్చి ప్రతి చెత్త ముక్కకూ రెండు డాలర్లు విసురుతున్నాడు. రమ్మీలో డ్రాప్‌కు డబ్బు కట్టాలి. ఇక్కడ మీ బ్లైండ్ కానప్పుడు డ్రాప్ ఉచితం. ఉచితంగా దొరికేదాన్ని కాదని రెండు డాలర్లు పెడతారు, ఫ్లాప్‌లో, అంటే టేబుల్ మీద పరిచే మొదటి మూడు ముక్కల్లో, చిన్న జత ఏదో తగులుతుంది, ఇక వదలబుద్ధి కాదు. రెండు డాలర్ల టికెట్టుతో నలభై డాలర్ల సినిమా చూసి బయటికొస్తారు.

ఇప్పుడు మీ ముక్కలు ఎత్తండి. మొత్తం కాదు, మూలలు మాత్రం. ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు.

ముందు ముగ్గురు రెండేసి పెట్టి లోపలికొచ్చారు. వీడియోల్లో చెప్పినట్టు ఆరో, ఎనిమిదో అంటే ఈ టేబుల్లో ఎవరూ కదలరు, అందరూ కాల్ చేస్తారు. మూడు ఎర్ర చిప్స్ ముందుకు తోయండి. పదిహేను. అన్నయ్య కాల్, టోపీ పెద్దాయన కాల్, మిగతావాళ్లు పారేశారు. పాట్ యాభై రెండు.

ఫ్లాప్: ఆఠీను ఆసు, కళావరు తొమ్మిది, డైమన్ నాలుగు. పెద్దాయన చెక్. మీరు ముప్పయ్యైదు. అన్నయ్య కాల్, పెద్దాయన ఫోల్డ్. టర్న్, అంటే నాలుగో ముక్క, ఇస్పేటు రెండు. మీరు డెబ్బై. అన్నయ్య ఒకసారి పైకప్పు చూసి, కాల్. రివర్, చివరి ముక్క, కళావరు జాకీ. మీ దగ్గర మిగిలిన ఎనభై మొత్తం నెట్టేశారు. అన్నయ్య చిప్స్ లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు, పెట్టేశాడు. ఆసు, ఏడు.

“ఆసు ఉంది కదండీ, ఎలా వదుల్తాం?”

నాలుగు వందల ఇరవై రెండు డాలర్ల పాట్ మీవైపు వచ్చింది. ఇందులో ఒక్క బ్లఫ్ లేదు, ఒక్క నాటకం లేదు. అరలో వరసగా పేర్చుకున్న పుస్తకాలూ, రాత్రుళ్లు చూసే వీడియోలూ ఎక్కువగా నేర్పేది మంచి ఆటగాళ్ల చేత ఫోల్డ్ చేయించడం. ఒకటి–రెండు టేబుల్ దగ్గర ఫోల్డ్ చేసేవాళ్లు ఎవరున్నారు? కాల్ చేయడానికే వచ్చినవాళ్లకు మంచి ముక్కలతో పెద్ద బెట్లు పెట్టడమే సగం చదువు. మిగతా సగం ఇందాకటి రాణి–తొమ్మిది.

మధ్యలో హుడీ కుర్రాడితో చిన్న తగువు. టర్న్‌కు మీ దగ్గర నాలుగు ఆఠీన్లు, ఇంకొక్కటి పడితే ఫ్లష్. పాట్‌లో అరవై ఉంటే వాడు ఇరవై వేశాడు. ఇరవై పెడితే ఎనభై వస్తాయి, అంటే అయిదింట ఒకసారి గెలిస్తే సరి. మీకు కనబడని నలభై ఆరు ముక్కల్లో తొమ్మిది ఆఠీన్లు, దాదాపు అదే లెక్క. పడితే వాడి దగ్గర ఇంకొంచెం రాబట్టవచ్చు కూడా. కాల్. పడలేదు, ఫోల్డ్. వాడు అరవై వేసి ఉంటే మూడింట ఒకసారి గెలవాలి, అప్పుడు టర్న్‌లోనే పారేయాలి. పోకర్‌కు కావలసిన గణితం చాలావరకు ఇంతే, ఎనిమిదో తరగతి భిన్నాలు.

పదకొండు దాటింది. ఆసు, రాణి వచ్చాయి. మీరు పదిహేను, టోపీ పెద్దాయన ఒక్కడే కాల్. పాట్ ముప్పయ్యైదు. ఫ్లాప్ రాణి, ఎనిమిది, మూడు. ఆయన చెక్, మీరు ఇరవై, కాల్. టర్న్ ఆరు. ఆయన చెక్, మీరు యాభై.

ఆయన కాఫీ కప్పును కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చి, పక్కనున్న చిన్న బల్లమీద పెట్టాడు. రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. ఎర్ర చిప్స్ పదేసి చొప్పున మూడు దొంతరలు చేసి, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, మెల్లగా ముందుకు జరిపాడు. నూటయాభై. వేలు వణకలేదు. మీవైపు చూడలేదు. తెరమీద బేస్‌బాల్ స్కోరు చూస్తున్నాడు.

మీకు పెద్ద జత ఉంది, తోడు ఆసు ఉంది. చెయ్యి చిప్స్ మీదికి వెళ్లిపోతోంది. ఆపండి. నూరు పెడితే 275 వస్తాయి. నాలుగింట ఒకసారికి కాస్త పైన గెలిస్తే కాల్ సరైనదే. మరి గెలుస్తారా? ఈ రాత్రంతా ఆయన ఒక్కసారీ రెయిజ్ చేయలేదు. చిన్న జతలతో కాల్ చేసి ఫ్లాప్ కోసం చూసే మనిషి. చేతిలో జత ఉంటే మూడో ముక్క ఫ్లాప్‌లో పడేది ఎనిమిది తొమ్మిదింట ఒకసారి, ఆ ఒకసారి ఇదైతే మీరు గెలిచే దారి దాదాపు లేదు. పోనీ రెండు జతలనుకుందాం, అప్పుడూ మీ అవకాశం అయిదోవంతుకు తక్కువే. అదీగాక రివర్‌లో ఇంకో పెద్ద బెట్ వస్తుంది. ఇదే రెయిజ్ హుడీ కుర్రాడు చేసి ఉంటే కాల్ చేయాల్సిందే. ముక్కలు అవే, లెక్క అదే, మనిషి వేరు.

ఫోల్డ్. పెద్దాయన ముక్కలు చూపించలేదు, మీరు అడగలేదు. అడిగితే చెప్పేది నిజమని ఏముంది?

భుజం పక్కన అన్నయ్య లేడు. ఏటీఎం దగ్గర నిలబడ్డాడు, మూడోసారి. ఈ గదిలో జరిగే చెడ్డ ఆటల్లో ఆ నడకకు మించినది లేదు. ఆ నడక తప్పాలంటే ముందే ఒక నియమం ఉండాలి. 2000లో పోకర్ ప్రపంచ చాంపియనైన క్రిస్ ఫెర్గూసన్ తర్వాత ఆన్‌లైన్లో సున్నా నుంచి మొదలుపెట్టి పదివేల డాలర్లు చేసి చూపించాడు. నియమం సులువు: ఉన్న మొత్తంలో అయిదు శాతానికి మించి ఒక టేబుల్లో పెట్టకూడదు, ముందున్న చిప్స్ ఆ మొత్తంలో పది శాతం దాటితే లేచిపోవాలి. (ఆయన భాగస్వామిగా ఉన్న సైటు 2011లో ఆటగాళ్ల సొమ్ము తిరిగివ్వలేక కూలింది, పేరూ చెడింది. నియమాలు మాత్రం మంచివే.) ఆ లెక్కన రెండొందలతో కూర్చోవాలంటే నాలుగు వేలుండాలి. జీతగాళ్లం మనం అంత పట్టుదలకు పోనక్కర్లేదు, నెలకింతని ఇంట్లో చెప్పి విడిగా పెట్టిన డబ్బు ఉంటే చాలు. కానీ అది అయిపోతే ఆ నెల ఆట అయిపోయినట్టే. అంత లేదంటే ఫ్రిస్కోలో మిత్రుల గేమ్ రూమ్‌లో పావు డాలర్–అర డాలర్ ఆట నడుస్తుంది; యాభై డాలర్లతో అక్కడ ఇదే చదువు చదవొచ్చు, కుర్చీ అద్దె లేదు, పైగా బిర్యానీ. హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవాళ్లు మాత్రం ఫోన్లో మొదలుపెట్టాలని చూడకండి. డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్ర చట్టం వచ్చి దేశమంతటా ఆ దుకాణాలు మూతపడ్డాయి.

ఒంటిగంట అయింది, లేవండి. చిప్స్ ఇచ్చి నోట్లు తీసుకున్నారు, నూటపది లాభం మిగిలింది. సంబరపడేంత విషయం కాదు. నాలుగు గంటల్లో నూట ఇరవై ఆటలు; అంత చిన్న లెక్కలో నూటయాభై, రెండొందలు అటో ఇటో ఊగడం మామూలు. ఏడాది పొడుగునా ప్రతి శుక్రవారం వచ్చినా ఆరువేల చిల్లర ఆటలే అవుతాయి, అప్పటికీ అదృష్టం ఏపాటిదో, ఆట ఏపాటిదో విడదీయడం కష్టం. అందుకే ఒక నోటు పుస్తకంలో డబ్బు అంకెతోపాటు సందేహం పుట్టిన ఆటలు రాసుకోవాలి: ఎవరు, ఏ సీటు, పాట్ ఎంత, బెట్ ఎంత, అప్పుడు మీరేం అనుకున్నారు. ఆ ఆసు–రాణి ఫోల్డ్‌ను ఆదివారం నిదానంగా లెక్కగట్టి చూడండి.

ఆ పుస్తకంతో ఇంకో పని కూడా ఉంది. అమెరికాలో పోకర్ గెలుపు పన్ను కట్టాల్సిన ఆదాయం. 2026 నుంచి ఓడిన సొమ్ములో 90 శాతమే తగ్గించుకోనిస్తారు, అదీ ఖర్చులన్నీ విడివిడిగా ఐటమైజ్ చేసి చూపినవాళ్లకే. తేదీ, చోటు, తెచ్చింది, తీసుకెళ్లింది — కారు స్టార్ట్ చేయకముందే రాసేయండి.