గుఱ్ఱముమీఁది వేటగాని తుపాకి

మన సభలలో పూర్వుల మృగయాశౌర్యమును కొనియాడుట పరిపాటి. ఆయుధమును భద్రముగా మోయుటయు నొక విద్యయే. ఇందుకు పాశ్చాత్య చరిత్రయందున్న నిదర్శనములను మేమిచట సంగ్రహించుచున్నాము.

నిప్పువత్తి తుపాకి రౌతునకు దుర్భరము. వత్తి యాఱరాదు, మందు ఒలుకరాదు, కళ్లెమును విడువరాదు. 16వ శతాబ్దమున ఐరోపాలో ఉక్కుచక్రపు రాపిడిచే నిప్పురవ్వలు రాల్చు తుపాకి పుట్టి యీ చిక్కును తొలఁగించెను.

19వ శతాబ్దపు పూర్వార్ధమున అమెరికా పశ్చిమ మైదానముల వేటగాండ్రు, సెయింట్ లూయీలో హాకెన్ సోదరులు చేసిన సుమారు 10 పౌనుల తుపాకులను జీనుముందు అడ్డముగా నుంచుకొనుచుండిరి. ఒక చేయి దానికే చాలెడిది; గుఱ్ఱము తొట్రిలినచో తుపాకి నేలపాలు. 1873 నాటి వించెస్టరు వంటివి వచ్చిన కాలమున తోలు ఒరను జీనుకు పట్టీలతో బిగించి, రౌతు కాలిక్రింద నిముడునట్లు అమర్చిరి. మూతి నేలవైపు వాలియుండుటచే తోడివారికి భయము తగ్గెను. రెండు చేతులును కళ్లెమునకు దక్కెను. అయినను రౌతు పడి గుఱ్ఱము పాఱినచో తుపాకియు దానితోనే పోవును. వీపునఁ దగిలించుకొన్నచో పడినపుడు వెన్నెముకకే ముప్పు.

1972 నాటి శాసనమును, 1991 నాటి సవరణయు మన దేశమున వేటను మాన్పినవి. ఊరేగింపులలో తుపాకి చూపుటయే పౌరుషమని తలఁచు యువకులు మాత్రము నేఁటికిని గలరు. తోడివానికి అపాయము రానీయనివాఁడే ఆయుధమునకు అర్హుఁడని వారు గ్రహింతురుగాక.