చింతాద్రిపేట నుండి మీనంబాకము వరకు

చింతాద్రిపేట అనగానే పెద్దలకు మగ్గములు స్ఫురించును. 1734వ సంవత్సరమున, జార్జి మార్టన్ పిట్ గవర్నరుగా నుండగా, కూవము నది వంపులోని సుంకురామ సెట్టిగారి తోటను కుంపిణీవారు తీసికొని, అచ్చట నేతపనివారిని, వడుకువారిని, అద్దకపువారిని కాపురముంచిరి. చిన్న మగ్గముల ఊరు అను అర్థముగల అరవపు మాటనుండియే ఈ పేరు పుట్టినదందురు. ఇచ్చట నేసిన గుడ్డ సముద్రము దాటి పోవలెనన్నదే కుంపిణీవారి తలంపు. ఓడల కొరకు పుట్టిన ఈ పేట ముంగిటనే విమానమును గూర్చిన ఒక తొలి ముచ్చట కూడ జరిగినదని నేటి పిల్లలకు చెప్పువారు అరుదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

1909 జూలైలో బ్లెరియో అను ఫ్రెంచివాడు ఇంగ్లీషు కాలువను విమానముపై దాటెను. ఆ వార్త మౌంటురోడ్డున హోటలు నడుపుచుండిన జాకోమో డాంజెలిస్ అను కార్సికా దొర చెవిని బడెను. ఆయన తానే నమూనా గీసి, సింప్సన్ కంపెనీవారిచే విమానము చేయించెను. సింప్సన్ వారు 1840 నుండి గుఱ్ఱపుబండ్లు కట్టిన ఘనులు. కొయ్యను వంచుట, ఇనుమును బిగించుట వారికి వెన్నతో బెట్టిన విద్య. నాటి విమానమనగా కొయ్య చట్రము, గుడ్డ రెక్కలు, ఒక చిన్న యంత్రము, అంతియే గదా! పల్లవరమున పరీక్షించి, 1910 మార్చిలో ఐలండు మైదానమున జనుల యెదుట దానిని ఎగురవేసెను. ఆ కంపెనీయు, ఆ మైదానమును మన పేటకు కూతవేటు దూరములోనివే. మన దేశపు విమాన చరిత్ర వ్రాయువారు తరచుగా 1911 ఫిబ్రవరి 18న అలహాబాదునుండి నైనీకి టపా మోసిన హెన్రీ పెకేతో మొదలిడుదురు. టపా మోయుట గొప్పయే. కాని ఇంచుమించు ఏడాది ముందు మన గుమ్మములో జరిగినదానిని ఒక్క వాక్యమునకైనను నోచుకొననీయకుండుట న్యాయము గాదు.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి విమానముపై టపా తెచ్చెను. అచ్చటనుండి నెవిల్ విన్సెంట్ దానిని బళ్లారి మీదుగా మదరాసు చేర్చెను. బళ్లారి అప్పటికి మన దత్తమండలములలోనిదే. పరంగిమల, పల్లవరముల నడుమ చదునైన నేల, ప్రక్కనే 1931లో విద్యుత్తుతో నడువసాగిన తాంబరము రైలుబాట, దండునకు పోవు రోడ్డు, ఇవి యన్నియు మీనంబాకమునకు కలిసివచ్చెను.

1953వ సంవత్సరము మనకు రెండు విధముల గుర్తుండదగినది. ఆగస్టు 1న విమాన సంస్థలు ప్రభుత్వపరమయ్యెను. అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. రాజధాని కర్నూలునకు, పిమ్మట 1956లో హైదరాబాదునకు పోయెను. మదరాసు మనది కాకపోయెను. అయినను 1954లో మీనంబాకమున భవనము వెలసిన పిదప, విదేశములకు పోవు నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాలవారికి గుమ్మము ఇదియే యై నిలిచెను. సరిహద్దు గీతలు పటమునకే గాని ప్రయాణికుని కాలికి తగులవు.

నా చిన్నతనమునను, గుమాస్తా ఉద్యోగములో నున్న నాళ్లలోను, మా వీధిలో ఈ అతిథులు లేని మాసము లేదు. సెంట్రలు స్టేషనులో దిగి, ట్రంకుపెట్టె, ఆవకాయ జాడీ, వీలునామా వలె భద్రముగా దాచిన పాసుపోర్టుతో బంధువుల యింట ఒక రాత్రి బస. అమెరికా పోవు వైద్యునకు, కువైటు పోవు రాజంపేట కూలివానికి ఒకే వరండా. పోవువాడొకడు, పంపువారు పదిమంది. ఊళ్లనుండి వచ్చిన ఆ తల్లుల మాటలు వినియే మా పిల్లల తెలుగు బ్రతికినది. బడిలో నేర్చినది స్వల్పము. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచినప్పటినుండి ఆ రాకపోకలు సన్నగిల్లెను. 2017లో గన్నవరము సైతము అంతర్జాతీయ హోదా పొందెను. తెలుగునాటికి మేలే జరిగినది. మా వరండాలు మాత్రము బోసిపోయినవి. నేటికిని శ్రీసిటీ కర్మాగారములకు వచ్చు విదేశీయులును, తిరుమల యాత్రికులలో పెక్కురును మీనంబాకముననే దిగుచున్నారు.

2015 డిసెంబరు మొదటివారమున అడయారు పొంగి ఈ విమానాశ్రయమును ముంచెను. రెండవ రన్‌వే ఆ నదిపై వంతెనగా సాగినదే గదా! కొన్ని దినములు అరక్కోణపు నౌకాదళ స్థావరమునుండి విమానములు నడిపిరి. చోటు చాలదని 2022లో కాంచీపురము చెంతనున్న పరందూరును రెండవ విమానాశ్రయమునకు ఎన్నుకొనిరి. చెరువులు, పొలములు పోవునని ఏకనాపురము మొదలగు పల్లెలవారు నిరసన సలిపిరి. నాడు కుంపిణీ తీసికొన్నది ఒక్క ధనవంతుని తోట. ఇచ్చట పోవునవి ఊళ్లు. ఈ భేదమును లెక్కకట్టువారు గమనింపవలెను.

2019 ఫిబ్రవరినుండి మన పేట ప్రక్కన గవర్నమెంటు ఎస్టేటు స్టేషనులో మెట్రో ఎక్కినచో, బండి మారకనే మీనంబాకమున దిగవచ్చును. సూళ్లూరుపేటనుండి సెంట్రలు చేరినవారికిని అదే దారి. పరందూరో, నగరమునకు 60 కిలోమీటర్లకు పైబడిన దూరము. తెల్లవారుజామున విమానమున్న నెల్లూరువారు మరల మా వరండాలలో ఒక రాత్రి బస చేయవలసివచ్చునేమో!