మట్టి మూసలో పుట్టిన ఉక్కు

సెలవులకు ఢిల్లీ వచ్చిన బంధువులను కుతుబ్ మీనారునకు తీసికొనిపోవుట మన యిండ్లలో పరిపాటి. అచ్చట వారు ఎక్కువసేపు నిలుచునది ఇనుపస్తంభము నొద్దనే. గుప్తులనాటి ఆ స్తంభమును కమ్మరులు మెత్తని ఇనుపముద్దలను ఎఱ్ఱగా కాల్చి, సమ్మెటలతో ఒకదానితో నొకటి అతికించి చేసిరి. ఇనుమును కరగించి ఉక్కుగా మార్చుట వేరొక విద్య. ఆ విద్యకు పేరుగాంచిన పల్లె యొకటి మన తెలంగాణమున గలదని ఎందరికి తెలియును?

ఆ పల్లె నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము. మేలైన పారశీక ఖడ్గములకు వలయు ఉక్కు గోలకొండ రాజ్యమునుండి పోవుచున్నదని 17వ శతాబ్దిలో వజ్రవర్తకుడు టావెర్నియే వ్రాసెను. తరువాత త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగను పనిచేసిన హెన్రీ వాయ్సీ కోనసముద్రపు పనితీరును స్వయముగా చూచి వర్ణించెను. ఆయన 1824లో మరణింపగా, ఆ వర్ణనము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. ఇస్ఫహాను వర్తకులు అంతదూరమునుండి వచ్చి ఉక్కు కొనిపోవుచుండిరని దానివలన తెలియుచున్నది.

శుద్ధమైన ఇనుము కరగుటకు 1538 డిగ్రీల వేడి కావలెను. నూటికి ఒకటిన్నర వంతు కర్బనము చేరినచో, నూరు డిగ్రీలకు పైగా తక్కువ వేడిలోనే అది పూర్తిగా కరగును. సేలము ప్రాంతమున ఇందుకై ఇనుపముక్కలతోపాటు తంగేడు కట్టెను, పచ్చి ఆకులను మూసలో పెట్టి మూతివేసెడివారు. కోనసముద్రమున వేర్వేరు చోట్ల తీసిన రెండు తెగల ఇనుమును కలిపి కరగించెడివారు.

ఇచట అసలు సమస్య ఇనుముది కాదు, మూసది. మామూలు కుండమట్టి అంత వేడికి మెత్తబడి కుంగిపోవును. మూస పగిలినచో పడిన శ్రమ యంతయు బూడిదపాలగును. దగ్గరనున్న వారి ప్రాణములకే ముప్పు. దీనికి మన పనివారు కనుగొన్న ఉపాయము వరిఊక. వేడికి నిలుచు మట్టిలో ఊకను కలిపి మూసలను చేసిరి. గాలి తగులని మూసగోడలో ఊక బొగ్గుగా మారి, మట్టికి లోపలినుండి పట్టునిచ్చెను. ఊకలోని సిలికాయు ఆ గట్టితనమునకు తోడ్పడెను. ఇటీవలి పరిశోధకులు పాత మూసల పెంకులను సూక్ష్మదర్శినితో పరీక్షించి ఈ సంగతిని తేల్చిరి.

కొలిమిలోను రక్షణభారము మట్టిదే. తిత్తులు తోలువి, వాని చట్రములు కట్టెవి, ఎదుట మండుచున్న బొగ్గు. నడుమ మట్టిగొట్టము లేనిదే తిత్తియే ముందుగా కాలిపోవును. ఆ మట్టి పూతను నీడపట్టున నెమ్మదిగా ఆరనిచ్చి, పిదప చిన్న మంటతో కాచవలెను. తడి యారకముందే పెద్దమంట పెట్టినచో లోని నీరు ఆవిరియై పూతను పెళ్లగించును. ఓర్పు లేనివానికి కొలిమి లొంగదు.

1795లో జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రముతో ఈ జాతి ఉక్కు ‘వూట్జ్’ అను పేరున పాశ్చాత్య శాస్త్రజ్ఞులకు పరిచితమయ్యెను. తెలుగు కన్నడములలోని ‘ఉక్కు’ శబ్దమే దానికి మూలమని పెక్కుమంది అభిప్రాయము. తరువాత మైకేల్ ఫారడే అంతటివాడు దాని గుట్టు తెలిసికొన యత్నించెను. 1856లో బెస్సెమర్ పద్ధతి వెలసినపిదప చౌక ఉక్కు లోకమంతట నిండెను. మన కొలుములు ఒక్కొక్కటిగా చల్లారెను.

కొన్నవారిని, చూచినవారిని, పరీక్షించినవారిని చరిత్ర యెరుగును. మూస చేసినవాని పేరు మాత్రము ఎచ్చటను లేదు. అతడు వ్రాసి పెట్టలేదు. అతని విద్య చేతినుండి చేతికి పోయి, చేయి మారని నాడు అంతరించెను. అతని దస్తావేజులు పొలములలో పడియున్న పెంకులే. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు ఉత్తర తెలంగాణమున తిరిగి అట్టి చోట్లను నమోదు చేసిరి. అయినను నాగలికి, రోడ్డుపనులకు చిట్టెపు గుట్టలు సమసిపోవుట కెంతకాలము పట్టును?

కార్యాలయములలో చిన్న కాగితమునైనను భద్రపరచు అలవాటు మనకు గలదు. సెలవులలో ఊరికి పోయినపుడు చేనిగట్టున ఒకప్రక్క గాజువలె కరగి నిగనిగలాడు నల్లని పెంకు కనబడినచో, దానిని కదల్పక, ఆ చోటును గుర్తించి పురావస్తుశాఖవారికి తెలుపుడు. అది పేరు లేని యొక తెలుగు పనివాని చేవ్రాలు కావచ్చును.