కంచె లోపలి కాలిబాట: రియాద్ దౌత్యవాడలో విహారం, భద్రత, చూపు

రియాద్‌లో ఉండే తెలుగువాళ్లకు ‘డీక్యూ’ (డిప్లొమాటిక్ క్వార్టర్, దౌత్యవాడ) అంటే కాగితాల పని. భారత రాయబార కార్యాలయం అక్కడే ఉంది. తనిఖీ దాటి లోపలికి వెళ్లి, వరుసలో నిలబడి, కాగితం చేతికి రాగానే బయటపడతారు. అదే డీక్యూలో కాపురముండే విదేశీ ఉద్యోగికి అది పొద్దున్నే బూట్లు బిగించుకుని పరుగు తీసే చోటు. గేటు ఒకటే, వచ్చేవాళ్లే వేరు. కాపలా ఉన్న పేటలో విదేశీయుల ఆరుబయటి విహారం ఎంత క్షేమం అని అడిగేటప్పుడు ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అడగాలి. అలా అడిగితే, ఇక్కడ నడిచేవాళ్లకు దక్కిన భద్రతలో గేటు వాటా మనం అనుకునేంత లేదని తేలుతుంది. ఎవరి చూపు తమ మీద పడుతోంది, ఎవరి చూపు పడటం లేదు అన్న దాని మీదే అది ఎక్కువగా ఆధారపడింది.

విదేశీ రాయబార కార్యాలయాలు చాలాకాలం జెద్దాలో ఉండేవి. వాటిని రాజధానికి తరలించాలని సౌదీ ప్రభుత్వం నిశ్చయించి, రియాద్‌కు వాయవ్యంగా వాదీ హనీఫా అనే లోయ అంచున కొత్త పేట కట్టించింది. అరబ్బీలో దాని పేరు హయ్ అల్ సఫారాత్, అంటే రాయబార కార్యాలయాల వాడ. ప్రణాళిక ఆల్బర్ట్ స్పియర్‌ది. హిట్లర్ వాస్తుశిల్పిది కూడా ఇదే పేరు, ఈయన ఆయన కొడుకు. తోటలు, బాటలు తీర్చిదిద్దింది బోడెకర్, బోయర్, వాగెన్‌ఫెల్డ్ అనే జర్మన్ సంస్థ. ఈ పచ్చదనానికీ, పేట నడిబొడ్డున ఉన్న అల్ కిండీ ప్లాజాకూ కలిపి 1989లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది.

ఆ తోటల పనితనం కొంచెం దగ్గరగా చూడదగ్గది. ఇళ్ల మధ్య నీళ్లు దండిగా తాగే ఉద్యానాలు పెట్టారు. బయటి అంచున మాత్రం ఎడారి మొక్కలనే నమ్ముకున్నారు. తుమ్మజాతి చెట్లు, ముళ్లపొదలు, గట్టిపడిన గడ్డి దుబ్బులు, వాటి మొదళ్ల చుట్టూ తేమ ఆరిపోకుండా పరిచిన రాళ్లు. పడమటి అంచున బాట ఒక్కసారిగా ఆగినట్టనిపిస్తుంది. కింద సున్నపురాయి గోడలా దిగిపోయే లోయ, దాని అడుగున ఖర్జూర తోటల ముదురాకుపచ్చ గీత. ఆ అంచు మీదే 800 మీటర్ల పొడవున వంకర్లు తిరిగే రాతిగోడతో, తెల్లని గుడారాలతో తువైఖ్ ప్యాలెస్ కూర్చుని ఉంటుంది. దానికీ 1998లో అదే పురస్కారం దక్కింది. నగరం రణగొణధ్వని ఇక్కడికి చేరదు. ఈ నిశ్శబ్దాన్ని కాపలావాళ్లు తెచ్చారనుకుంటాం గానీ, అందులో ఎక్కువ పాలు రాళ్లదీ పొదలదీ.

ఇక భయం సంగతి. దానికి కారణాలు లేకపోలేదు. 1995 నవంబరులో రియాద్‌లో జాతీయ గార్డుల శిక్షణ కేంద్రం దగ్గర జరిగిన కారు బాంబు పేలుడులో ఏడుగురు చనిపోయారు. ఐదుగురు అమెరికన్లు, ఇద్దరు భారతీయులు. 2003 మే 12 రాత్రి విదేశీయులుండే మూడు కాంపౌండ్ల మీద ఆత్మాహుతి దాడులు జరిగాయి, నవంబరులో అల్ ముహయ్యా కాంపౌండ్ వంతు వచ్చింది. 2004 మే నెలాఖరున అల్ ఖోబర్‌లో చంపేసిన 22 మందిలో ఎనిమిది మంది భారతీయులు. ఈ దాడులను పాశ్చాత్యుల మీద దాడులుగానే లోకం గుర్తుపెట్టుకుంది. మృతుల జాబితా చదివితే ఆ ముద్ర నిలవదు. విదేశీయుల ప్రాణాలకు ముప్పు అన్నప్పుడు ఆ మాటలో మనవాళ్లూ మొదటి నుంచీ ఉన్నారు, లెక్కలోకి రాలేదంతే.

దాడుల తర్వాత దౌత్యవాడ దారుల్లో తనిఖీలు కట్టుదిట్టమయ్యాయి. కాంక్రీటు దిమ్మెలు, సాయుధ కాపలా, వాహనాల సోదా. దాడికి గురైన కాంపౌండ్లకు కూడా గోడలు, గేట్లు, కాపలా ఉండేవి, అయినా దాడి చేసినవాళ్లు లోపలికి చొరబడ్డారు. 2018 మార్చిలో యెమెన్ హూతీ తిరుగుబాటుదారులు వదిలిన క్షిపణుల శకలాలు పడి రియాద్‌లో ఒక ఈజిప్టు కార్మికుడు చనిపోయాడు. ఆకాశానికి గేటు ఉండదు కదా. గేటును తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అది కారు బాంబును ఆపడానికి పెట్టింది, అంతవరకే దాని పని. సాయంత్రం ఏడింటికి ఒంటరిగా నడిచే స్త్రీ గుండె నిబ్బరం ఎక్కడి నుంచి వస్తుందో అది చెప్పదు.

ఆ నిబ్బరానికి నగర శాస్త్రంలో రెండు పాత జవాబులున్నాయి. వీధిని క్షేమంగా ఉంచేది పోలీసుల కన్నా ముందు ఇరుగుపొరుగు కళ్లేనని 1961లో జేన్ జేకబ్స్ వాదించింది. ఇది మాది అనుకున్న చోటును జనమే కాచుకుంటారని 1972లో ఆస్కార్ న్యూమన్ చెప్పాడు. న్యూమన్ మాట ఇక్కడ పొసగదు. దౌత్యవేత్తల కాపురం మూడు నాలుగేళ్లదే, మా వీధి అనుకునేలోపు సామాను సర్దుకునే వేళవుతుంది. జేకబ్స్ మాట పొసగుతుంది గానీ ఆ కళ్లు ఎవరివన్నదే ప్రశ్న. రోజంతా బాట పక్కన ఉండేది నీటి గొట్టాలు సరిచేసే తోటపనివాళ్లు, ఆకులు ఊడ్చేవాళ్లు, తోపుడు బండిలో దొరల పిల్లల్ని తిప్పే ఆయాలు. వాళ్లలో ఎక్కువమంది దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలవాళ్లు. నడిచేవాడు కాలు బెణికి కూలబడితే ముందుగా చూసేది వీళ్లే. భద్రతా సలహాల్లో మాత్రం వీళ్లు కనబడరు. కనబడినా, పని మనుషుల గుర్తింపు సరిచూసుకోండి అనే వాక్యంలోనే.

డీక్యూ బాటలకు పేరు తెచ్చింది మరో చూపు, ఇంకా చెప్పాలంటే అది లేకపోవడం. 2016 దాకా రియాద్ వీధుల్లో మతపోలీసులకు ఆపే, పట్టుకునే అధికారం ఉండేది. గల్ఫ్‌లోని మనవాళ్లు వాళ్లను ముతవ్వాలంటారు. అప్పట్లో అబాయా (ఒళ్లంతా కప్పే పైవస్త్రం) లేకుండా స్త్రీ బయట పరుగెత్తడం ఊహకందని మాట. దౌత్యవాడలోకి వాళ్ల జోక్యం అంతగా వచ్చేది కాదు. అందుకే నగరం అవతలి కొసన ఉండేవాళ్లు కూడా డ్రైవర్‌ను మాట్లాడుకుని మరీ ఇక్కడికి నడవడానికి వచ్చేవాళ్లు. వాళ్లను ఇక్కడికి రప్పించింది బాంబు భయం కాదు, నిలదీసే కళ్ల నుంచి ఓ గంట విడుదల. 2016 ఏప్రిల్‌లో ఆ పోలీసుల అరెస్టు అధికారం తీసేశారు. 2018 జూన్ 24 నుంచి స్త్రీలు కారు నడుపుతున్నారు. 2019 సెప్టెంబరులో పర్యాటక వీసాలు తెరిచినప్పుడు విదేశీ స్త్రీలకు అబాయా తప్పనిసరి కాదని చెప్పేశారు. ఆ మూడేళ్లలో డీక్యూ గేటు దగ్గర మారిందేమీ లేకపోయినా, లోపలికీ బయటికీ మధ్య తేడా పలచబడింది. భద్రత అంటే గేటే అయితే ఇలా జరగకూడదు.

మిగతా ప్రమాదాలు పాతవే, వాటికి కంచెతో పనిలేదు. జులైలో పగటి ఎండ 43 డిగ్రీలు దాటడం మామూలే. గట్టి వాన పడితే పొడి వాదీలో నీరు ఎక్కడి నుంచో ఉరికి వస్తుంది, అక్కడ గుడారం వేసుకున్నవాడికి లేచే వ్యవధి ఇవ్వదు. అన్నిటికన్నా పెద్దది రోడ్డు. 2016లో సౌదీ రోడ్ల మీద తొమ్మిది వేల మందికి పైగా చనిపోయారు, తర్వాతి ఏళ్లలో ఆ సంఖ్య బాగా తగ్గింది. ఎడారి విహారానికి వెళ్లేవాడు తేలుకు భయపడి బూట్లు దులుపుకుంటాడు, సీటు బెల్టు మరిచిపోతాడు.

ఎండ దగ్గర నడిచేవాడూ తోటమాలీ ఎదురుపడతారు. నడిచేవాడు తన వేళ తానే ఎంచుకుంటాడు, ఫజర్ (వేకువ నమాజు) తర్వాత, లేదంటే మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) దాటాక. తోటమాలి వేళ మేనేజరు చేతిలో ఉంటుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. పదకొండింటి ఎండ గురించి అందులో ఏమీ లేదు. ఒకే బాట, ఒకే సూర్యుడు. ఒకరికి వ్యాయామం, మరొకరికి వడదెబ్బ.

మన భాషలో ఈ ఇద్దరికీ ‘ప్రవాసి’ అనే ఒకే మాట ఉంది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఒకరిని ‘ఎక్స్‌పాట్’ అని, మరొకరిని ‘మైగ్రంట్ వర్కర్’ అని విడదీస్తారు. జగిత్యాలలో, నిజామాబాద్‌లో ‘సౌదీ పోయిండు’ అంటే సరిపోతుంది. సౌదీలో సుమారు 25 లక్షల మంది భారతీయులున్నారు. వాళ్లలో కార్మికులకు ఆరుబయలు అంటే శుక్రవారం, శుక్రవారం అంటే బత్తా. నగరం నడిబొడ్డున ఉన్న ఆ బజారు పేవ్‌మెంట్ల మీద జుమ్మా నమాజు తర్వాత వేలమంది నిలబడే కబుర్లాడుకుంటారు. ఊరివాళ్లు కనబడేది, ఇంటికి డబ్బు పంపేది, ఎవరి కంపెనీ జీతాలాపిందో తెలిసేది అక్కడే. బెంచీ ఉండదు, నీడ ఉండదు. కాపలా కూడా లేదు గానీ తనిఖీ ఉంది. 2013 నవంబరులో కాగితాలు సరిచేసుకునే గడువు ముగిశాక వీధుల్లో పట్టుకోవడాలు మొదలయ్యాయి. ఇకామా (నివాస అనుమతి) రెన్యూవల్ చేయించాల్సింది కఫీల్, అంటే యజమాని. చేయించకపోతే పట్టుబడేది కార్మికుడు.

2019లో ప్రకటించిన స్పోర్ట్స్ బౌలేవార్డ్ అనే బాటను వాదీ హనీఫా నుంచి వాదీ సులయ్ దాకా 135 కిలోమీటర్లు సాగేలా కడుతున్నారు. ఆ బాటకు గేటు లేదు, ఎవరైనా నడవొచ్చు. ఇకామా గడువు దాటినవాడు మాత్రం జుమ్మా రోజు గదిలోనే ఉండిపోతాడు. బత్తాకు వెళ్లే రూమ్మేటు చేతికి ఇంటికి పంపాల్సిన డబ్బు ఇచ్చి, తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుంటాడు.