హాలండా, నెదర్లాండ్సా? నారింజా, ఎరుపా?

బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది. పరాసుపేట, ఇంగ్లీషుపాలెం కూడా ఉన్నాయి. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. ఇంగ్లీషువాళ్ళెవరో చెప్పనక్కర్లేదు. మరి ఈ వలందులెవరు? డచ్చివాళ్ళు. పోర్చుగీసులో హాలండ్‌ను రాసేటప్పుడు మొదట 'హ' ఉంటుంది గానీ పలికేటప్పుడు ఉండదు, 'ఒలాందా' అంటారు. ఆ పలుకే మన తీరంలో వలందా అయింది. మలయాళంలో లంత అయింది, ఇండోనేషియాలో బెలందా, జపానులో ఒరందా అయింది. డచ్ ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. నాలుగైదేళ్ళు తిరిగేసరికి బందరులో దాని కోఠీ వెలిసింది. చిరివేరు ఎరుపు పట్టిన అద్దకం బట్టలూ, నీలిమందూ ఇక్కణ్ణుంచే ఓడలెక్కాయి. 1825లో ఈ తీరంలోని తమ స్థావరాలను ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వలందులు వెళ్ళిపోయారు. పేట పేరు మాత్రం ఉండిపోయింది.

అయితే ఆ పేరు వాళ్ళ దేశానిది కాదు. వాళ్ళ దేశం నెదర్లాండ్స్. మాటకు అర్థం పల్లపు నేలలు. మెరకా పల్లమూ తెలిసిన డెల్టా రైతుకు ఇది వెంటనే అందే పేరు. ఆ దేశపు నేలలో సుమారు నాలుగో వంతు సముద్ర మట్టానికి దిగువనే ఉంది. అక్కడ ఇప్పుడు 12 రాష్ట్రాలున్నాయి. వాటిలో రెండే హాలండ్‌లు, ఉత్తర హాలండ్, దక్షిణ హాలండ్. 1840 దాకా ఆ రెండూ ఒకటే. మిగిలిన పది రాష్ట్రాలవాళ్ళు హాలండ్‌వాళ్ళు కారు.

మరి రాష్ట్రం పేరు దేశమంతటికీ ఎలా పాకింది? 1579లో ఉట్రెక్ట్ నగరంలో కుదిరిన ఒప్పందం స్పెయిన్ రాజుపై తిరగబడ్డ ఉత్తరాది రాష్ట్రాలను ఒక్కతాటి మీదికి తెచ్చింది. ఏడు రాష్ట్రాల గణతంత్రానికి అదే పునాది. ఆ ఏడింటిలో హాలండ్‌దే పెద్ద చెయ్యి. ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్, డెల్ఫ్ట్ అక్కడివే. ఉమ్మడి ఖర్చులో సగానికి పైగా ఆ ఒక్క రాష్ట్రమే భరించేది. పరాయి రేవుల్లో దిగేది ఎక్కువగా ఆ ఊళ్ళ ఓడలే కాబట్టి, ఎదురొచ్చినవాళ్ళకు అందరూ హాలండ్‌వాళ్ళే అయ్యారు. ఉత్తరాదిలో ఒకప్పుడు మన దక్షిణాదివాళ్ళందర్నీ మద్రాసీలన్నట్టే. ఆ పిలుపు విన్న తెలుగువాడికి ఎలా ఉండేదో, హాలండరని పిలిస్తే ఉత్తరాన గ్రోనింగెన్‌వాడికీ, దక్షిణాన లింబుర్గ్‌వాడికీ అలాగే ఉంటుంది.

దీనికి మన తీరంలోనే ఒక సాక్ష్యం ఉంది. పులికాట్‌లో 1613లో వలందులు కోట కట్టి దానికి గెల్డ్రియా అని పేరు పెట్టారు. గెల్డర్‌లాండ్ అనే మరో రాష్ట్రం పేరు మీద పెట్టిన పేరది. తమ రాష్ట్రం పేరు కోటకు పెట్టుకున్నా జనం నోట వాళ్ళు వలందులే. భీమునిపట్నంలోని వాళ్ళ సమాధుల తోటను కూడా ఇంగ్లీషులో హాలండర్స్ గ్రీన్ అనే పిలుస్తూ వచ్చారు.

హాలండ్ అన్నది పూర్తిగా తప్పు పేరని కొట్టిపారేయడానికీ లేదు. నెపోలియన్ 1806లో తన తమ్ముడు లూయీని అక్కడ గద్దెనెక్కించి ఆ దేశానికి హాలండ్ రాజ్యమని పేరు పెట్టాడు. నాలుగేళ్ళపాటు, 1810 దాకా, దేశం అధికారిక పేరు అదే. ఆ తర్వాత ఫ్రాన్సు దాన్ని తనలో కలిపేసుకుంది.

ఇక 'డచ్' సంగతి. పాతకాలంలో ఆ మాటకు జనానిది, జనం మాట్లాడేది అని అర్థం. జర్మన్లు తమను 'డాయిచ్' అనుకునేదీ ఆ ధాతువుతోనే. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళకు ఇద్దరూ డచ్చివాళ్ళే. 17వ శతాబ్దంలో సముద్రం మీద పోటీకి వచ్చిన పొరుగువాళ్ళకే ఆ మాట స్థిరపడింది. అమెరికాలో పెన్సిల్వేనియా డచ్ అనే జనం నిజానికి జర్మన్ సంతతి. పాత లాటిన్ పటాలు చూస్తే ఇంకో మెలిక కనిపిస్తుంది. వాటిలో ఈ పల్లపు నేలలన్నిటి పేరూ బెల్జికా. ఇప్పటి బెల్జియం 1830లో విడిపోయి ఆ పేరును తన వెంట తీసుకుపోయింది. అక్కడితోనూ అయిపోలేదు. 1954 నాటి శాసనం ప్రకారం నెదర్లాండ్స్ రాజ్యం వేరు, అందులో ఒక భాగమైన నెదర్లాండ్స్ దేశం వేరు. కరీబియన్ దీవులైన అరూబా, క్యురసావ్, సింట్ మార్టెన్ ఈనాడు ఆ రాజ్యంలో తక్కిన మూడు దేశాలు.

జెండాలోనూ ఇలాంటి తికమకే ఉంది. దానికి మూలపురుషుడు స్పెయిన్ రాజుపై ఆ తిరుగుబాటును నడిపిన ఆరెంజ్ ప్రభువు విలియం. ఆరెంజ్ అన్నది ఫ్రాన్సు దక్షిణాన ఉన్న ఒక చిన్న సంస్థానం. 1544లో వారసత్వంగా అది ఆయనకు దక్కింది. ఆ ఊరి పాత పేరు అరౌసియో, పండుతో దానికి ఏ చుట్టరికమూ లేదు. పండు పేరు మన వైపు నుంచి వెళ్ళింది. సంస్కృతంలో నారంగం, మనకు నారింజ, పర్షియన్, అరబ్బీ నోళ్ళలో నాని స్పెయిన్‌లో నరంహా, చివరికి ఆరెంజ్. అరిగిపోయిన ఊరి పేరూ, అరిగిపోయిన పండు పేరూ ఒకే పలుకు దగ్గర కలుసుకున్నాయి. అలా నారింజ రంగు విలియం వంశపు రంగయింది. మన తీరాన వాళ్ళ దేశానికి పరాయి పేరు మిగిలితే, అక్కడి రాజవంశపు రంగులో మన పండు పేరు మిగిలింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే.

1572 ఏప్రిల్ 1న విలియం పక్షపు సముద్రపు తిరుగుబాటుదారులు బ్రీలె రేవు పట్టుకున్నారు. ఆ పోరాట కాలంలో వాళ్ళు ఎగరేసిన జెండాలో నారింజ, తెలుపు, నీలం అడ్డపట్టీలు ఉండేవి. దానికి ప్రభువు జెండా అని పేరు. 1630 తర్వాత పైపట్టీ మెల్లమెల్లగా ఎరుపెక్కింది. ఉప్పుగాలికీ ఎండకూ నారింజ రంగు నిలవదనీ, ఎరుపైతే దూరం నుంచి బాగా ఆనుతుందనీ ఒక వివరణ. రాజకీయం ఇంకో వివరణ. 1650 తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా హాలండ్ రాష్ట్రం ఆరెంజ్ వంశాన్ని పాలనకు దూరంగా ఉంచింది. నా మట్టుకు నాకు రెండూ కలిసే పనిచేశాయనిపిస్తుంది. రంగు వెలిసినప్పుడు మళ్ళీ అదే వేయించాలన్న పట్టుదల ఏలేవాళ్ళకు ఉండి ఉండదు. బందరు రేవులో కంపెనీ ఓడల మీద ఎగిరిన జెండాలో తెల్లపట్టీ నడుమ కంపెనీ పొడి అక్షరాలు పెనవేసుకుని ఉండేవి.

ఇంటి నుంచి తప్పుకున్న నారింజ ఇంకోచోట నిలిచింది. 1664 దాకా న్యూయార్క్ డచ్చివాళ్ళ న్యూ ఆమ్‌స్టర్‌డామ్. ఆ నగరపు జెండాలో ఈనాటికీ నీలం, తెలుపు, నారింజలే. దక్షిణాఫ్రికాలో 1928 నుంచి 1994 దాకా ఎగిరిన జెండాకూ ప్రభువు జెండాయే మూలం. వర్ణవివక్ష పాలన దాని కిందే సాగింది కాబట్టి అక్కడ ఆ రంగులకు అంటిన బాధ వేరు.

స్వదేశంలో ఎరుపా నారింజా అన్న వాదం 20వ శతాబ్దం దాకా తెగలేదు. 1930లలో హిట్లర్ బాటపట్టిన అక్కడి నాజీ పార్టీ నారింజ, తెలుపు, నీలం తమవంది. 1937 ఫిబ్రవరి 19న రాణి విల్‌హెల్మినా ఒక ఉత్తర్వు ఇచ్చింది. రాజ్యపు జెండా రంగులు ఎరుపు, తెలుపు, నీలం అన్న ఒక్క ముక్కే అందులోని సారం. ఆరెంజ్ వంశపు రాణి తన వంశపు రంగును పక్కనబెట్టి ఎరుపుకు ముద్ర వేసిందంటే ఆ తల్లి మీద నాకు గౌరవం కలుగుతుంది.

పేరు విషయంలో ప్రభుత్వం ఇంకా ఆలస్యంగా కదిలింది. పర్యాటక ప్రచారంలో వాళ్ళే హాలండ్ అని రాసుకునేవారు. 2020 జనవరి నుంచి అది మాని నెదర్లాండ్స్ అనే వాడుతున్నారు. ఆటగాళ్ళ చొక్కాలకు మాత్రం నారింజే. విజయవాడలో పుట్టిన తేజ నిడమనూరు 2023 వన్డే ప్రపంచ కప్పులో నెదర్లాండ్స్ తరఫున ఆడింది ఆ రంగు తొడుక్కునే. వలందపాలేనికి విజయవాడ డెబ్భై కిలోమీటర్లు.

ఏటా ఏప్రిల్ 27న, రాజు పుట్టినరోజు పండగకి, ఎరుపు తెలుపు నీలం జెండాకు పైన పొడుగాటి సన్నని నారింజ పట్టీ ఒకటి కడతారు. వారం తిరిగేసరికి మే 4 వస్తుంది. యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకునే రోజది. ఆ రోజు జెండాను సగానికి దించుతారు. మర్నాడు, నాజీల నుంచి విముక్తి పొందిన రోజున, మళ్ళీ పైదాకా ఎత్తుతారు. ఆ రెండు రోజులూ నారింజ పట్టీ కట్టరు.